ముక్కు సాయిబు కురిపించిన వాన

మాబు సాహెబ్ ముక్కు సంగతి చెప్పాలంటే ముందు వాడరేవులో జరిగింది చెప్పుకోవాలి. జరిగిందని ఆయన అంటాడు, కాదనడానికి మనం అక్కడ లేం. ఒకసారి స్ప్రేయర్ల సామాన్లకని చీరాల వెళ్ళి, పనిలో పనిగా సముద్రం చూద్దామని వాడరేవు చేరాడట. ఒడ్డు పొడుగునా చేపలు ఎండబోసి ఉన్నాయి. ఆదివారం షికారుకొచ్చినవాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. ఆ కంపులో నిలబడి మన సాయిబు తల పైకెత్తి, గాలిని రెండుసార్లు పీల్చి, "పర్చూరు అవతల ఎవడో పత్తికి మందు ఎక్కువ కలిపి కొట్టాడు, సాయంత్రానికి ఆకు మాడుద్ది" అన్నాడట. అక్కడికీ ఇక్కడికీ పాతిక కిలోమీటర్లు. తిరిగొచ్చి చూస్తే నిజంగానే ఒకరి చేలో ఆకులు అంచులు ఎర్రబడి దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయట. సాక్షి ఎవరని అడిగితే మాత్రం ఎప్పుడూ చనిపోయినవాళ్ళ పేర్లే చెప్పేవాడు.

అంతా కోతలే అనుకుంటే పొరపాటు. పర్చూరుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న తన ఊళ్ళో, మసీదు సందు మొదట్లో, రేకుల పంచ కింద ఆయన మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసేవాడు. పత్తీ మిరపా తప్ప మరో పైరు తెలియని నేల అది. జులైలో మొదలుపెడితే జనవరి దాకా ఆయనకు గోళ్ళు తీసుకునే తీరిక ఉండేది కాదు. చినుకు చిమ్మే నాజిల్ మూసుకుపోతే అందరూ పిన్నీసుతో పొడుస్తారు, బెజ్జం పెద్దదై చినుకు లావవుతుంది. సాయిబు అట్లా చేసేవాడు కాదు. నాజిల్‌ను పెదాల మధ్య పెట్టుకుని ఉఫ్ మని ఊదేవాడు. ఊది, పక్కకు ఉమ్మేసి, అది ఏ మందో, ఎన్ని రోజుల క్రితం కొట్టారో చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు ఊదాడు.

తొంభైల్లో పత్తికి పురుగు పెరిగింది. పురుగుతోపాటు మందుల షాపులు పెరిగాయి. షాపులతోపాటు డబ్బాలో ఏదో ఒకటి పోసి సీలు వేసేవాళ్ళు పెరిగారు. కొన్న డబ్బా అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి రైతుకు ఉన్న దారి ఒకటే, మాబు సాహెబ్ పంచ. మూత తిప్పి ఆయన ముక్కు కింద పెట్టేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుని పీల్చి, "నికార్సైంది, కొట్టుకో" అనో, "తీసుకెళ్ళి వాడి మొహాన పొయ్యి" అనో తీర్పు చెప్పేవాడు. అది తప్పడం ఎవరూ చూడలేదు. ఊళ్ళో ఆయన్ని మాబు సాహెబ్ అనేవాళ్ళ కంటే ముక్కు సాయిబు అనేవాళ్ళే ఎక్కువ.

తొంభై ఎనిమిది నాటికి ఆ ముక్కు చచ్చిపోయి రెండేళ్ళయింది. ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

తెలిసింది కూడా విచిత్రంగానే. రంజాన్ నెలలో ఒక సాయంత్రం కోడలు కరీమున్ సేమ్యాలకు పాలు పొయ్యి మీద పెట్టి, చూస్తూ ఉండమని ఆయనకు చెప్పి పక్కింటికి వెళ్ళింది. పాలు అడుగంటాయి, మాడాయి, గిన్నె నల్లబడి పొగ లేచింది. పక్కింట్లోంచి ఆమె పరిగెత్తుకొచ్చి, సందు చివరిదాకా కంపొస్తుంటే మీకు తెలియలేదా మామా అని అడిగింది. నువ్వెంత సేపటికి వస్తావో చూద్దామని ఊరుకున్నా, అని నవ్వేశాడు. మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు కిరసనాయిలు సీసా, అత్తరు సీసా, ఎండుచేపల బుట్ట వరసగా ముక్కు దగ్గర పెట్టుకు చూశాడు. మూడూ మంచినీళ్ళే.

చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆ వారమే పొదిలి వైపు నుంచి ఒక రైతు రెండు బస్సులు మారి, డబ్బాను తువ్వాల్లో మూటగట్టుకుని, ముక్కు సాయిబు గారి ఇల్లెక్కడని అడుగుతూ వచ్చాడు. అంత దూరం వచ్చినవాడికి ఏమని చెబుతాడు? డబ్బా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక చుక్క చెంబు నీళ్ళలో వేసి పాలలా తెల్లగా కలిసిందా లేదా చూసి, రెండు వేళ్ళ మధ్య జిగురు చూసి, నికార్సైందని చెప్పి పంపాడు. నీళ్ళలో తెల్లగా కలవడం, జిగురు ఉండటం నకిలీవాడు కూడా చేయగలడని ఆయనకు తెలియంది కాదు. అయినా ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే చేశాడు. పురుగు చావనప్పుడు రైతులు వానను తిట్టారు, పురుగును తిట్టారు, తమ రాతను తిట్టుకున్నారు. ముక్కును ఒక్కరూ తిట్టలేదు.

బాపయ్య సంగతే చూడండి. అయిదెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసిన మనిషి. తొంభై ఏడు సెప్టెంబరులో కొన్న మందు డబ్బాలన్నీ ఒకే షాపువి, ఒకే రకం. కొట్టబోయే ముందు ఒకటి తెచ్చి చూపించాడు. సాయిబు చూశాడు, బాగుందన్నాడు. బాపయ్య పదకొండు సార్లు కొట్టాడు. లద్దె పురుగులు ఆ మందులో ఈదులాడి, ఒళ్ళు తుడుచుకుని, మళ్ళీ కాయ తొలిచాయి. జనవరిలో ఆ చేను పక్కనుంచి వెళుతూ సాయిబు తల తిప్పుకున్నాడు. చేలో పుల్లలు తప్ప ఏమీ లేవు. ఎదురుపడినప్పుడు బాపయ్యే ఆయనకు ధైర్యం చెప్పాడు.

"మందు మంచిదేలే సాహెబూ, నువ్వు చూశావుగా. పురుగే మొండిది."

ఆ మాట ఆయన గొంతులో చేపముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. అయినా తర్వాత వచ్చిన డబ్బాకూ ముక్కు ఆనించాడు.

తర్వాత వేసవి వచ్చింది. మామూలుగా ఎండలు ముదిరితే సాయిబు నోటికి పని పెరుగుతుంది. కాకి తారురోడ్డు మీద వాలి కాళ్ళు అతుక్కుని ఎగరలేకపోయిందనీ, బావిలో కప్ప పైకొచ్చి గొడుగు అడిగిందనీ చెప్పి కూర్చోబెట్టేవాడు. తొంభై ఎనిమిది మే నెలలో ఆ కబుర్లకు ఎవరూ నవ్వలేదు. పొద్దున్న పదింటికి వీధిలో కుక్క కూడా కనబడేది కాదు. కొడుకు అన్వర్ లారీ డ్రైవరు, మిర్చి లోడుతో బొంబాయి వైపు పోతే పది రోజులకు గానీ రాడు. కరీమున్ రెండు సందుల అవతల కాయల షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళేది. నాలుగేళ్ళ కౌసర్ రోజంతా తాత దగ్గరే.

ఆ పిల్లకు మెడ నుంచి నడుము దాకా చెమటకాయలు. గోకి గోకి చర్మం లేచిపోయేది, నెత్తురు చారలు తేలేవి. ఏడ్చి ఏడ్చి పడుకునేది, లేచి మళ్ళీ ఏడ్చేది. తడిగుడ్డ వేస్తే ఊరుకునేది, గుడ్డ ఆరిపోతే మళ్ళీ మొదలు. దానికి తోడు మేష్టారు రాధాకృష్ణమూర్తి గారి మనవరాలు అన్విత వాడరేవు వెళ్ళొచ్చి, గవ్వల దండ వేసుకుని వీధంతా తిరిగింది.

"తాతా, అన్విత సముద్రం చూసిందంట. ఒక్క గవ్వ కూడా ఇవ్వలా నాకు."

"గవ్వేందే, నీకు సముద్రాన్నే తెస్తా. మడతపెట్టి సంచిలో వేసుకొస్తా."

పిల్ల ఏడుపు ఆపి ఆలోచించింది.

"మడతపెడితే చేపలు నలగవా?"

సాయిబు నిజంగానే పనిలోకి దిగాడు. పంచలో నులక మంచాన్ని తిరగేశాడు. పైకి లేచిన నాలుగు కోళ్ళకూ మిరపకాయలు ఆరబోసే పట్టాను నాలుగు మూలలా బిగించి కట్టాడు. పట్టా మధ్యలో దిగి తొట్టిలా తయారైంది. పట్టాకు మిరప ఘాటు పట్టి ఉంటుంది, పిల్ల ఒంటి మీద పడితే చెమటకాయలు భగ్గుమంటాయి. అందుకని కరీమున్ దాన్ని ఏడు నీళ్ళతో కడిగి, తడి పట్టాకు తన చెంప ఆనించి, వంద లెక్కపెట్టి, మంట పుట్టలేదని తేల్చుకున్నాక గానీ పిల్లను దింపనివ్వలేదు. సాయిబు చేతిపంపు దగ్గర్నుంచి పద్దెనిమిది బిందెలు మోశాడు. సముద్రం ఉప్పగా ఉంటుందట కదా అని పిల్ల అడిగితే చిటికెడు ఉప్పు తెచ్చి వేసినట్టు చేసి గుప్పిట్లోనే దాచుకున్నాడు. పిల్ల నాలుకతో చూసి, ఉప్పగానే ఉంది అంది. కొబ్బరిచిప్ప పడవయింది. నీళ్ళలో ఉన్నంతసేపూ గోక్కోలేదు. రెండు రోజులు ఆ ఇంట్లో ఏడుపు వినబడలేదు. కరీమున్ పని నుంచి వచ్చి, నీళ్ళలో నిద్రపోతున్న కూతుర్ని చూసి, మామకు ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ వేసింది.

మూడో రోజు పిల్లకు సముద్రం చాల్లేదు. దాని మీద వాన పడాలంది.

వాన నాకు చుట్టమే, కబురు పెడితే వస్తుంది, అన్నాడు సాయిబు. అంటూనే పంచ వైపు చూశాడు. అక్కడ పనికొచ్చేవీ రానివీ పదకొండు స్ప్రేయర్లు గోడకు చేరేసి ఉన్నాయి. చాలావాటికి ట్యాంకులు పగిలాయి. గట్టిగా ఉన్నది ఒక్కటే, బాపయ్యది. పంపు పీల్చడం లేదని నెల క్రితం ఇచ్చి వెళ్ళాడు.

సాయిబు అలవాటు ప్రకారం ముందు ట్యాంకు కడిగాడు. సబ్బుపొడి వేసి మూడుసార్లు కుదిపి వంచాడు. చివరిసారి నీళ్ళు తేటగా వచ్చాయి. తర్వాత పంపు విప్పి, అరిగిన తోలు వాషరు తీసి కొత్తది వేసి, నూనె పెట్టి బిగించాడు. పొరపాటు ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చూడండి. కడిగేటప్పటికి పంపు పీల్చడం లేదు. కాబట్టి కడిగిన నీళ్ళు ట్యాంకు నోట్లోంచి బయటికే పోయాయి. లోపల గాలి నొక్కుకునే గిన్నెలోకి గానీ, రబ్బరు పైపులోకి గానీ, ఇత్తడి గొట్టంలోకి గానీ ఒక్క చుక్క వెళ్ళలేదు. పురుగు చావడం లేదన్న కసితో బాపయ్య చివరిసారి నీళ్ళు తగ్గించి డబ్బాకు డబ్బా వంచేసిన మందు నెలల తరబడి అక్కడే నిలబడి ఉంది.

ఇది సాయిబుకు తెలియని విషయం కాదు. బాగుచేసిన ప్రతి స్ప్రేయరునూ రోడ్డు పక్కన మట్టి మీద కొట్టి, ఆ తడిమట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు. కంపు ఉంటే ఇంకా కొట్టేవాడు. కంపు పోతే కడిగినట్టు. ముప్పై ఏళ్ళుగా ఆయన కొలత అదొక్కటే. ఆ రోజు కూడా ట్యాంకులో మంచినీళ్ళు పోసి, నాలుగు సార్లు పంపు కొట్టి, మట్టి తడిపాడు. వంగి, పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చెయ్యి తన పని తాను చేసింది. కంపు లేదు. ఉండదు గదా.

ఒక్క క్షణం ఆగాడు. ఆగాడన్నది నిజం, తర్వాత ఆయన దాన్ని ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకున్నాడు. ఇంకో ట్యాంకు నీళ్ళు ఊరికే కొట్టి పారబోస్తే ఎందుకైనా మంచిదని అనిపించింది. నీళ్ళు చేతిపంపు దగ్గర్నుంచి మోయాలి. పిల్ల అప్పటికే మంచం తొట్టిలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఉంది.

అప్పుడే కరీమున్ మధ్యాహ్నం అన్నానికి వచ్చింది. పొద్దుటి నుంచి కాయల మధ్య కూర్చుని కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది, మాటకు మూడు తుమ్ములు. మిరప ఘాటు తప్ప లోకంలో మరో వాసన ఆమెకు సాయంత్రం దాకా తెలియదు. గుమ్మంలో నిలబడి స్ప్రేయరును చూసింది.

"ఎవరిది మామా అది? వాసన చూశారా?"

"ఎవర్ని అడుగుతున్నావే అమ్మాయ్? ఈ ముక్కునా?"

చూశాననలేదు, లేదనలేదు. ఆమె నవ్వింది. పిల్లకు రెండు ముద్దలు తినిపించి, తాను తిని, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ పనికి వెళ్ళిపోయింది.

సాయిబు ఇత్తడి గొట్టాన్ని పంచ వాసానికి కట్టాడు. నాజిల్ తిప్పి చినుకును సన్నం చేశాడు. ట్యాంకు పక్కన కూర్చుని పంపు కొట్టాడు. పట్టపగలు, మే నెల ఎండలో, ఆ ఊళ్ళో ఒక్క ఇంట్లో వాన కురిసింది. మంచులాంటి వాన. ఎండ తగిలినచోట ఇంద్రధనుస్సు ముక్క కూడా కనబడింది. పిల్ల కేరింతలు కొట్టింది, గుండ్రంగా తిరిగింది, తల వెనక్కి వాల్చి నోరు తెరిచి వానను మింగింది. నాలుక చాపి ఎన్ని చినుకులు పడ్డాయో లెక్కపెట్టింది. దానికి పదిదాకానే వచ్చు, పది అయ్యాక మళ్ళీ ఒకటి. సాయిబు చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, చెయ్యి మార్చి మళ్ళీ కొట్టాడు. అబద్ధంతో గడిచిన ఆ రెండేళ్ళలో అంత సంతోషం ఆయనకు ఎప్పుడూ కలగలేదు.

కాసేపటికి పిల్ల కూర్చుండిపోయింది. తాతా, కళ్ళు సరిగా కనబడటం లేదు అంది. నీళ్ళు పడ్డాయిలే, తుడుచుకో అన్నాడు. నోటివెంట చొంగ కారుతోంది. ఉప్పు నీళ్ళు తాగానని పిల్ల అనుకుంటుందేమోనని, అది సముద్రం కాదే పిచ్చిదానా, మంచినీళ్ళే, అని నవ్వాడు. పిల్ల నవ్వలేదు. తిన్న రెండు ముద్దలూ కక్కింది.

సరిగ్గా అప్పుడు వీధిలో మోపెడ్ ఆగింది. స్ప్రేయరు బాగైందేమో కనుక్కుందామని వచ్చాడు బాపయ్య. ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది సాహెబూ, ఈ ఎండల్లో మందు ఎవరికి కొడుతున్నావు? సందంతా కంపు."

సాయిబు పంపు వదిలేసి పిల్లను తొట్టిలోంచి ఎత్తుకున్నాడు.

తర్వాత జరిగినదాంట్లో కోతలకు చోటు లేదు. బాపయ్య మోపెడ్ నడుపుతుంటే వెనక సాయిబు పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా పిల్ల కాళ్ళు చేతులు చేపపిల్లల్లా అదురుతూనే ఉన్నాయి. ఆరు కిలోమీటర్లూ బాపయ్యే మాట్లాడాడు. నా స్ప్రేయరే గదా అది, అన్నాడు. నేను కడిగే ఇచ్చానే, అన్నాడు. నువ్వు వాసన చూసే ఉంటావుగా, అన్నాడు. 

పర్చూరులో డాక్టరు రఘురామ్ గారి నర్సింగ్ హోమ్‌లో ముందు పిల్ల బట్టలు తీసి సబ్బుతో ఒళ్ళంతా కడిగించారు. చర్మం లేచిన చోట్లనుంచి మందు ఇంకా తొందరగా లోపలికి పోతుందని డాక్టరు గారు అన్నారు. టార్చిలైటు వేసి కళ్ళు చూశారు. నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజంత అయిపోయింది. ఏం మందు, డబ్బా తెండి, అన్నారు. బాపయ్య వచ్చిన దారినే ఇంటికి పోయి, కరీమున్‌కు కబురు పెట్టి, గూట్లో ఉన్న ఖాళీ డబ్బా పట్టుకొచ్చాడు. దాని మీద ఎండోసల్ఫాన్ అని రాసి ఉంది. అందులో ఇంకేమీ కలపలేదని బాపయ్య ఒట్టు వేశాడు.

డాక్టరు గారు డబ్బాను చూశారు, పిల్లను చూశారు. ఇక్కడ రాసి ఉన్న మందు తాగితే పిల్ల ఇలా ఉండదని చెప్పారు. ఈ చొంగ, ఈ కళ్ళు వేరే జాతి విషానివి. దానికి ఒక ఇంజెక్షను ఉంది, వెంట వెంటనే చెయ్యాలి, చాలా చెయ్యాలి. నిజంగా డబ్బా మీద ఉన్నదే అయితే మాత్రం అన్ని ఇంజెక్షన్లు పిల్ల గుండెకు ప్రమాదం.

"ఇది నికరంగా అసలు మందేనా? ఎవరికైనా తెలుసా?"

"అసలుదేనండీ," అన్నాడు బాపయ్య. "మా ముక్కు సాయిబు చూసి చెప్పాడు. ఈయనే."

వరండాలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపారు. కాంపౌండరుకు కూడా ఆ ముక్కు సంగతి తెలుసు. అందరూ సాయిబు వైపు తిరిగారు.

అబద్ధం ఆడటం ఆ మనిషికి ఎప్పుడూ కష్టం కాలేదు.  బల్ల మీద పిల్ల కాలు ఒకసారి ఎగిరి పడింది.

"చూడలేదండీ. నాకు వాసన తెలియక రెండేళ్ళయింది. చూసినట్టు నటించాను. డబ్బా మాట నమ్మమాకండి, పిల్లను చూసి చెయ్యండి."

కాంపౌండరు సగం నవ్వాడు, సాయిబు మాట చివర ఏదో మెలిక ఉంటుందని. మెలిక లేదు. డాక్టరు గారు సిరంజి అందుకున్నారు.

పిల్ల కదలకుండా పట్టుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. సాయిబు కదిలేలోపే బాపయ్య వెళ్ళి రెండు కాళ్ళూ పట్టుకున్నాడు. మూడు ఇంజెక్షన్లు అయ్యేదాకా వదల్లేదు. అప్పుడు కూడా సాయిబు మొహం చూడకుండా, పిల్ల పాదాలు చూస్తూ మాట్లాడాడు.

"పదకొండు సార్లు కొట్టాను సాహెబూ. కాలవ నుంచి నీళ్ళన్నీ మా ఆడమనిషి మోసింది."

 కరీమున్ ఆటో దిగి లోపలికి పరిగెత్తుకు రావడం చూసి, పిల్ల కాళ్ళు మెల్లగా బల్ల మీద పెట్టి, బయటికి నడిచాడు.

కరీమున్ పని మధ్యలో లేచి వచ్చింది. చేతులకు మిరప కారం. పిల్లను ముట్టుకోబోతే నర్సు ఆపి, ముందు కడుక్కురమ్మంది. ఆమె మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంటూ, కడుక్కుంటూ, జరిగినదంతా వింది. ఎంత కడిగినా కారం పోదు. చివరికి చేతులు వెనక్కి పెట్టుకుని, పిల్ల మొహం మీదికి మొహం వంచి నిలబడింది. తర్వాత మామ వైపు తిరిగింది. 

"నేను అడిగాను గదా. నాకు తెలియటం లేదమ్మా అని ఒక్క మాట అంటే, నా మీద కొట్టించుకుని చూసేదాన్ని గదా మామా."



పిల్ల మూడో రోజు కళ్ళు తెరిచింది. అయిదో రోజు అన్నం తింది. బతికింది, అల్లా దయ అన్నారు అందరూ. బొంబాయి నుంచి ఆదరాబాదరాగా వచ్చిన అన్వర్ తండ్రిని దాటుకుని పోయి పిల్ల మంచం పక్కన కూర్చున్నాడు.  ఇంటికొచ్చాక పిల్ల చేతి వేళ్ళు కొన్నాళ్ళు సన్నగా వణికాయి, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. స్నానానికి చెంబు ఎత్తితే గుడ్లు తేలేసి అరిచేది. తలుపు చాటున కరీమున్ తడిగుడ్డతో తుడిచేది. తాత పంచలో కూర్చుని ఆ అరుపులు వినేవాడు. తిరగేసిన మంచాన్ని ఆయనే సరిచేశాడు గానీ దాని మీద పడుకోలేదు, నేల మీదే పడుకున్నాడు.

బాపయ్య ఒకరోజు వచ్చి తన స్ప్రేయరు తీసుకుపోయాడు.  ఆ ఏడు కౌలు వదిలేసి గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోయడానికి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

జూన్ మొదట్లో తొలకరి పడకముందే రైతులు మళ్ళీ డబ్బాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ముక్కు చచ్చిపోయిందని సాయిబు ఒక్కొక్కరికీ చెప్పాడు. రెండేళ్ళుగా చూసినవన్నీ ఉత్తుత్తివేనని చెప్పాడు, పేరుపేరునా ఎవరెవరి డబ్బాలో కూడా చెప్పాడు. కొందరు నమ్మి మొహాన ఉమ్మినంత పని చేశారు. చాలామంది నమ్మలేదు. ముసలాయన కొత్త కథ కట్టాడన్నారు, బెట్టు చేస్తున్నాడన్నారు. ఒకాయన డబ్బా అక్కడే పెట్టి కూర్చుని, సరే నీకు ముక్కు లేదనుకుందాం, మరి నేను ఎవర్ని అడగాలో చెప్పు, అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. 

ఆ వారమే కాయల షెడ్డు నుంచి కరీమున్‌కు కబురొచ్చింది. ఇంకా మానేస్తే ఆ చోటు మరొకరికి ఇచ్చేస్తామన్నారు. పొద్దున్నే లేచి ఆమె వంట చేసింది, మామకు అన్నం మూతపెట్టింది. పిల్లకు తల దువ్వింది. పంచ దగ్గర ఆగింది. సాయిబు లేచి నిలబడ్డాడు. ఏమీ ఆడించను, కదలనివ్వను, కథలు కూడా చెప్పను, ఊరికే కూర్చోబెట్టుకుంటా అని ఆయన అనబోతున్నాడని ఆమెకు తెలుసు. ఆయన నోరు తెరవకముందే ఆమె పాత ఓణీ ముక్క ఒకటి తడిపి, పిల్ల ముక్కుకూ నోటికీ కలిపి బిగించి కట్టింది.

"అక్కడ ఘాటుగా ఉంటుంది, గుడ్డ తియ్యమాక," అని పిల్లకు చెప్పి, చెయ్యి పట్టుకుని సందు దాటింది.

షెడ్డు రెండు సందుల అవతలే. పొద్దెక్కేసరికి నలభై మంది ఆడవాళ్ళు కాయల గుట్టల ముందు కూర్చుని తుమ్ముతూ దగ్గుతూ ఉంటారు, రోజూ వినబడేదే. సాయిబు ఇంట్లోకి పోలేదు. పనేమీ లేకుండా పంచలో కూర్చుని చెవి అటే పెట్టాడు. నలభై దగ్గుల మధ్య ఒక చిన్న దగ్గు మొదలైంది. కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.